ఫ్యాను కింద కుర్చీ

ఆయన సంవత్సరీకం ఇంకా కాలేదు. పోయిన మనిషిని తిట్టుకుంటే కళ్ళు పోతాయంటే పోనివ్వండి, నాకు మాత్రం ఆయన మీద పీకల దాకా కోపం ఉంది. మొన్నమొన్నటి వరకు ఆయన్ని తలుచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు బిగుసుకుంటున్నాయి.

పేరు చెప్పను. వాళ్ళావిడ ఊళ్ళోనే ఉన్నారు. అమలాపురంలో నల్లవంతెన దగ్గర మైకుసెట్లూ యాంప్లిఫయర్లూ బాగుచేసే ఆయన అంటే తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. తెలిసినవాళ్ళలో ఎవర్నడిగినా "దేవుడండీ బాబూ ఆయన" అంటారు. నేనూ అదే అనేదాన్ని. ఆ దేవుడు నాకేం చేశాడో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

నా దగ్గరొక డబ్బా ఉంది, సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది. ఎలక్ట్రిక్ గిటారుకి తగిలించుకునేది, పెడల్ అంటారు. దాని మీటని కాలితో నొక్కితే అప్పటిదాకా బుద్ధిగా మోగుతున్న గిటారు గొంతు ఒక్కసారి బొంగురుపోయి గర్జిస్తుంది. విడిభాగాల కిట్టు తెప్పించుకుని, ఒక్కో ముక్కా బోర్డు మీద సోల్డరింగ్ చేసి, దాన్ని నేనే తయారు చేశానని ఊరంతా చెప్పుకున్నాను. ఈమధ్య వైరు గుచ్చే చోట వదులైంది. బాగుచేయించడానికి ఆయన లేరు. సరే, నేర్పిన మనిషి పోయినా నేర్చుకున్న చెయ్యి ఉంది కదా అనుకుని నేనే విప్పాను. లోపల ఉన్నది నేను చేసింది కాదు.

ఇదేం పెద్ద విషయం, పోనిద్దురూ అనేవాళ్ళు మా ఇల్లు చూడలేదన్నమాట. నేను బండారులంకలో మగ్గాల ఇంట్లో పుట్టాను. నాన్న నేసేవారు, అమ్మ కండెలు చుట్టేది, నాన్న పోయాక మగ్గం కూడా అమ్మే ఎక్కింది. మా ఇళ్ళల్లో పిల్లలకి మాటలు పూర్తిగా రాకముందే పోగు అతకడం వచ్చేస్తుంది. తెగిన పోగుని రెండు వేళ్ళ మధ్య మెలేసి కలిపితే, అతుకెక్కడుందో మళ్ళీ ఆ అతికినవాళ్ళకి కూడా కనిపించకూడదు. నా చేతిలో అది ఎన్నడూ నిలవలేదు. నేను అతికిన పోగు, మగ్గంలో అడ్డపోగు మోసే నాడె ఇటునుంచి అటు వెళ్ళి తిరిగొచ్చేలోపు తెగేది. "దీని చేతిలో పోగు బతకదు, దీన్ని బడికి పంపించెయ్యండి" అంది అమ్మ. నా చదువు అలా మొదలైంది. ఇప్పుడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను, పిల్లలు ఇష్టంగానే వింటారు. కానీ నలభై దాటాక కూడా నేను మగ్గం గుమ్మంలోకి వెళ్తే చాలు, అమ్మ "ముట్టుకోకు, ముట్టుకోకు" అని చెయ్యి అడ్డం పెట్టేది.

మా ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఒకళ్ళు మొదలుపెట్టిన చీర మీద ఇంకొకళ్ళ చెయ్యి పడితే, జానెడు నేసినా సరే, చెప్పి తీరాలి. ఒక్కొక్కళ్ళ చేతి దెబ్బ ఒక్కో బరువు, నేతలో తేడా వచ్చేస్తుంది. నాన్నకి జ్వరమొచ్చి చిన్నాన్న నేసిపెట్టిన చీరని షావుకారుకి అప్పజెబుతూ, ఆయన అడక్కపోయినా, "ఇక్కణ్ణుంచి మా తమ్ముడి చెయ్యండి" అని వేలుపెట్టి చూపించేవారు నాన్న. అలా చెప్పకపోతే ఆ చీర ఇద్దరిలో ఎవరిదీ కాకుండా పోతుందని ఆయన నమ్మకం. ఈ పద్ధతి గురించి నేను మన దేవుడు గారికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన చేతిలో సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి మరీ విన్నారు. "ఎంత పెద్దమనిషండీ మీ నాన్నగారు!" అన్నారు కూడా.

మొదటిసారి ఆ కొట్టుకి వెళ్ళింది నా యాంప్లిఫయర్ గుర్రుమంటోందని. గిటారు నాకు బీఈడీ చదివేటప్పుడు హాస్టల్లో అంటుకున్న జాడ్యం. ఉద్యోగంలో కుదురుకున్నాక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంటే స్టాఫ్ రూములో చాలాకాలం నవ్వుకున్నారు. నవ్వకుండా చూసిన మొదటి మనిషి ఈయనే. చంకలో జవాబు పేపర్ల కట్ట చూసి, "ఎండనపడొచ్చేరు, ముందలా ఫ్యాను కింద కూర్చోండి టీచరు గారూ" అన్నారు. ఆ రోజు నుంచి నేను టీచరు గారిని, ఆయన బాబాయిగారు.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, రోడ్డు వైపు తిప్పి ఉండేది. అందులో కూర్చుంటే కాలువా, వంతెన మీద పోయే బళ్ళూ, ఎదర కొబ్బరిబొండాల బండీ చక్కగా కనిపిస్తాయి. ఆయన పనిచేసే బల్ల మాత్రం వీపు వెనక్కి పోతుంది. ఎవరొచ్చినా అందులోనే కూర్చోబెట్టేవారు. అది మర్యాదే అనుకున్నాను చాలాకాలం. కాస్త చనువొచ్చాక అడిగితే అసలు సంగతి చెప్పారు.

"సొంత వస్తువు కడుపు విప్పి చూపిస్తే మనిషి బెంగెట్టుకుంటాడండీ. పైగా సగం మంది ఇంటికాడ స్క్రూడ్రైవరెట్టి కెలికేసే తెస్తారు. ఆ కెలుకుడు నేను చూసేనని ఆళ్ళకి తెలిస్తే సిగ్గుపడరండీ?"

అదీ ఆయన. కొన్నేళ్ళు మస్కట్‌లో ఏదో సౌండు కంపెనీలో పనిచేసి వచ్చారు. అక్కడి కబుర్లు ఎవరైనా అడిగితే "బాగుంటాదండీ" అని ఒక్క మాటతో సరిపెట్టేవారు. చామనచాయ, పొట్టి మనిషి, చేతుల బనియనూ, గళ్ళ లుంగీ. ఐరన్ వేడెక్కిందో లేదో చెంప దగ్గర పెట్టుకుని చూసుకునేవారు. చెంపకి తగలకుండా అంత దగ్గరగా ఎలా పెడతారో నాకు చూసినప్పుడల్లా భయమేసేది. పొగ లేస్తే అవతలివాళ్ళ మీదకి పోకుండా పెదాలు వంకర తిప్పి పక్కకి ఊదేవారు. పని పూర్తయి స్విచ్చి వేసే ముందు కళ్ళు గట్టిగా మూసుకునేవారు, వస్తువు పలికాకే తెరిచేవారు. డబ్బా మూత బిగించాక స్క్రూల మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టేవారు. అది వాళ్ళావిడదే. వదులవకుండా ఉండడానికట, ఇంకెవరైనా విప్పితే తెలియడానికి కూడా.

మా గోదావరి జిల్లాలవాళ్ళ మర్యాద మీద లోకమంతా జోకులేస్తుంది. మేమూ నవ్వుకుంటాం, లోపల కాస్త గర్వపడతాం. ఆ మర్యాద ఆయనలో ముదిరి రోగమైపోయింది. ఎదటివాళ్ళ మొహం మీద చిన్నబుచ్చే మాట ఒక్కటంటే ఒక్కటి ఆయన నోటివెంట వచ్చేది కాదు. ఆయన మైకుసెట్టు పెట్టిన ఓ రిసెప్షన్లో పెళ్ళికొడుకు మేనమామ మైకు లాక్కుని పాడాడు. శ్రుతీ లేదు, లయా లేదు, జనం విస్తళ్ళ వైపు నడిచారు. దిగొచ్చి ఆయన దగ్గరే ఆగి "ఎలా ఉందండీ?" అన్నాడు. "మీ గొంతుని మైకు బలేగా పట్టిందండీ" అన్నారు ఈయన. మేనమామ ఇంకో పాట అందుకున్నాడు.

నేను మటుకు తక్కువ తిన్నానా? ఓసారి మా ఇంటికి భోజనానికి పిలిచి పనసపొట్టు కూర వడ్డించాను. రెండో ముద్దకి ఆయన కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. "అయ్యో, ఏమైంది బాబాయిగారూ?" అంటే "మా అమ్మ గుర్తొచ్చిందండీ, అచ్చం ఇలాగే చేసేది" అన్నారు. నేను పొంగిపోయి వాళ్ళావిడకి కూడా గిన్నెడు కట్టి పంపించాను. తర్వాత నేను తినడానికి కూర్చుంటే అర్థమైంది, ఆవ రెండుసార్లు పెట్టేశాను. ఘాటు ముక్కులోంచి మాడు దాకా ఎక్కింది. ఆ సంగతి చెప్పుకుని అందర్నీ నవ్వించేదాన్ని. ఆయన అబద్ధం నాకు అప్పుడు అంత ముద్దొచ్చింది.

ఆ యాంప్లిఫయర్ తర్వాత ఆదివారాలు అక్కడే తేలేదాన్ని. ఒకరోజు ఎప్పట్లాగే నీలం కుర్చీ వైపు నడుస్తుంటే "మీకెందుకండీ ఆ ఫ్యాను, ఇటొచ్చెయ్యండి, మీరు బయటివారు కాదుగదా" అని బల్ల పక్కన స్టూలు లాగారు. ఉద్యోగం ఆర్డరు వచ్చిన రోజు కూడా నేనంత సంబరపడలేదు. బల్లకి ఇవతల కూర్చున్నవాళ్ళకి నిజాలు కనిపిస్తాయి. ఓ ముసలాయన తాతలనాటి రేడియో తెచ్చాడు. విప్పితే లోపల ఎలకలు కాపరం పెట్టాయి, ఒక్క ముక్క పనికొచ్చేది లేదు. ఈయన ఆ చెత్తంతా తీసేసి, జేబులో పెట్టుకునే చిన్న రేడియో ఒకటి లోపల అమర్చి, పాత గుండీలకి దాన్ని కలిపి, మూత బిగించి, చుక్క పెట్టారు. "ఒక్క వైరూడిందండీ, అంతే" అన్నారు. ముసలాయన దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళాడు. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వాపుకోలేకపోయాం. నేను ఆ నవ్వులో ఆయన వైపు ఉన్నాననుకున్నాను.

సోల్డరింగ్ నాకు నేర్పమని నేనే అడిగాను. పెడల్ కిట్టు తెప్పించుకుంటానంటే "ఆయ్, చేసేద్దావండీ" అన్నారు. ముందు పాత టీవీ బోర్డుల మీద నేర్చుకోమన్నారు. ఆ నేర్పడంలో కూడా తప్పు అనే మాట లేదు. అతుకు సరిగ్గా అంటక బూడిదరంగులో ఉంటే "ఇది కొంచెం సిగ్గుపడతందండీ" అనేవారు. రెండు అతుకులు ఒకదాన్నొకటి కలిసిపోతే "ఈళ్ళిద్దరూ వదల్లేకపోతన్నారండీ" అనేవారు. నేను ఐరన్ ఎక్కువసేపు పెట్టి బోర్డు మీద రాగిరేకు ఊడగొడితే, "ఎండదెబ్బ తగిలిందండీ, పర్లేదు" అని సన్న వైరు ముక్కతో పక్కదారి వేసేవారు.

పాడైన అతుకు విప్పే విద్య మాత్రం నాకు బాగా ఎక్కింది. మొండికేసిన పాత లెడ్డుని, అంటే కరిగించి అతికే ఆ సీసాన్ని, ఊరికే కాల్చి లాగితే రాదు. దానికి ముందు ఇంకాస్త కొత్త లెడ్డు పెట్టాలి. పాతది కొత్తదాంతో కలిసి మెత్తబడుతుంది, అప్పుడు పిచికారీలాంటి గొట్టంతో గభాల్న పీల్చేయాలి. ఆ తర్వాత ముక్కకుండే తీగ కాలూ, బోర్డు మీద రాగీ రెండూ సమానంగా వేడెక్కేలా ఐరన్ ఆన్చి, మళ్ళీ కొద్దిగా పెట్టాలి. నేను అలా మొదటిసారి ఒక అతుకు దిద్దినప్పుడు అది మెరుస్తూ చల్లారింది. ఆ మెరుపు చూసి నేను అమ్మ గురించి చెప్పాను. పోగు బతకని చెయ్యి గురించీ, అడ్డం పెట్టే చెయ్యి గురించీ అన్నీ చెప్పేశాను. "ఈ డబ్బా పూర్తయితే తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెడతాను బాబాయిగారూ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కిట్టు వచ్చింది. అరచేతిలో పట్టే ఆకుపచ్చ బోర్డు, దాని మీద పెట్టాల్సిన ముక్కలు చిన్నచిన్న సంచుల్లో. ఇంటి దగ్గర డైనింగ్ టేబుల్ మీద నేనొక్కదాన్నే కూర్చుని చేశాను. ఒక ముక్క తిరగేసి పెట్టి, విప్పి మళ్ళీ పెట్టాను. ఒక చోట రాగి ఊడితే వైరు ముక్కతో పక్కదారి వేశాను. ఐరన్ జారి బోర్డు అంచు కాస్త కాలింది. అందంగా లేదు, అతుకులు చింతపిక్కల్లా ఉబ్బి ఉన్నాయి. కానీ ఎవరి చెయ్యీ పడలేదు.

పూర్తయింది గానీ పలకలేదు. అప్పటికి స్కూలు వార్షికోత్సవం రేపనగా ఉంది. నేను గిటారు వాయిస్తానని హెడ్మాస్టరు గారికి చెప్పేశాను, అమ్మని పిలిచేశాను. డబ్బా పట్టుకుని మధ్యాహ్నం ఆయన కొట్టుకి పరిగెత్తాను. ఆయన మూత విప్పి, ఆకుపచ్చ బోర్డుని వెలుతురు వైపు ఎత్తి ఒక్క చూపు చూశారు. మొహంలో ఏమీ తెలియలేదు. "ఆయ్" అన్నారు. తర్వాత, "చెమటెట్టేసింది మీకు. అలా ఫ్యాను కింద కూర్చోండి టీచరు గారూ" అన్నారు.

నేను వెళ్ళి కూర్చున్నాను. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ దేనికో తెలిసినదాన్ని, ఆయన నోటితోనే విన్నదాన్ని, లేచి వెళ్ళి అందులో కూర్చుని కాలువ చూస్తూ గాలి పీల్చుకున్నాను.

కాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఒక్క కాలేనండీ అంటలేదు. మిగతాదంతా ముత్యాలండీ. ఉంచెళ్ళండి, రేపు మైకుసెట్టు మనదేగదా, స్టేజీ కాడికే తెచ్చేస్తాను."

మర్నాడు తెచ్చారు, మూత బిగించి, స్క్రూల మీద ఎర్రచుక్కలు పెట్టి. "ఇంక దీన్ని విప్పకండి, ఏదన్నా అయితే నా కాడికి తెచ్చెయ్యండి" అన్నారు. నేను స్టేజీ ఎక్కాను. కాలితో నొక్కాను. ఆ గర్జనకి పిల్లలు బెంచీలెక్కి అరిచారు. ముందు వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకుని, మళ్ళీ తెరిచింది. పాటయ్యాక నేను మైకు తీసుకుని, ఈ డబ్బా నేను కొన్నది కాదు, నా చేత్తో చేసుకున్నది అని చెప్పాను. మొదట చప్పట్లు కొట్టింది ఎవరనుకున్నారు? మైకుసెట్టు మిక్సర్ వెనకాల నిలబడి, చేతులు తలపైకెత్తి, ఆయనే.

కిందికి దిగాక అమ్మ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నీ చేత్తోనేనా?" అంది నన్ను. నా మాట మీద నమ్మకం చాలక ఆయన వైపు తిరిగింది. "నిజంగా ఇదే చేసిందాండీ?"

"ఆయ్, అంతా టీచరు గారి చెయ్యేనండీ అమ్మగారూ. నేనూరికే చూస్తా నించున్నానంతే" అన్నారు ఆయన.

తర్వాతి ఆదివారం నేను బండారులంక వెళ్తే అమ్మ మగ్గం మీద నుంచే పిలిచింది. "రా, ఈ పోగు అతుకు" అంది. చెయ్యి అడ్డం పెట్టలేదు. నా పుట్టుకలో మొదటిసారి. అతికాను, అది నిలిచింది. అమ్మ దాని మీద నుంచి నాడె పంపించింది. ఆ రోజు నుంచి నేను వెళ్తే మగ్గం గదిలో నాకూ పీట వేస్తోంది. ఇప్పుడు చెప్పండి, ఆ పీట దేని మీద వేసినట్టు?

ఆయన పోయింది గుండెపోటుతో, కొట్లోనే, బల్ల మీద తల వాల్చి. నేను వెళ్ళి బంధువుల కంటే ఎక్కువ ఏడ్చాను. వాళ్ళావిడ, నేను పిన్నిగారు అంటాను, నన్నే ఓదార్చాల్సి వచ్చింది.

మొన్న డబ్బా విప్పితే లోపల ఆకుపచ్చ బోర్డు లేదు. మెకానిక్కులు వాడుకునే గోధుమరంగు చిల్లుల బోర్డు ఉంది. దాని మీద ముక్కలన్నీ వరసగా, అతుకులన్నీ ఒకే సైజులో మెరుస్తూ, వెనక వైర్లు పాపిడి తీసినట్టు. ఒక్క రాత్రిలో మొత్తం కొత్తది కట్టారు. ఎవరి చెయ్యో చెప్పడానికి నాకు ఎర్రచుక్క అక్కర్లేదు, మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. నా బోర్డుని ఆయన దిద్దలేదు, తీసి అవతల పారేశారు. నాకు ఆ ముసలాయన రేడియో కళ్ళముందు కదిలింది. లోపల ఎలకలు కాపరం పెట్టిన రేడియో.

మోసం చెయ్యాలనుకున్నవాడు మోసం చేస్తే తిట్టి ఊరుకోవచ్చు. ఈయన నా పరువు కోసం నిద్ర మానుకుని చేశారు, అది నాకు తెలుసు, తెలిసే ఇంత కోపం. "పనికిరాదండీ, రేపు వాయించకండి" అని ఒక్క మాట అని ఉంటే ఏడ్చి, విప్పి, మళ్ళీ చేసుకునేదాన్ని. ఆయనే కదా విప్పడం నేర్పింది! నాన్న పద్ధతి విని మెచ్చుకున్న మనిషి, మా అమ్మ కళ్ళల్లోకి చూస్తూ అంత తేలిగ్గా ఎలా అనగలిగారు?

శనివారం స్కూలు వదిలాక డబ్బా బ్యాగులో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. పిన్నిగారు కొట్టు ఖాళీ చేయిస్తున్నారు, సామాను ఎవరికో ఇచ్చేస్తున్నారట. నన్ను చూడగానే కొంగుతో దుమ్ము దులిపి, "రామ్మా, అలా ఫ్యాను కింద కూర్చో" అన్నారు. నేను కూర్చోలేదు. "బాబాయిగారు పాత బోర్డులు ఎక్కడ పెట్టేవారండీ?" అని అడిగాను.

"ఆ బిస్కట్ల డబ్బాలో చూడమ్మా. జనం చేసుకొచ్చినియ్యన్నీ అందులో పడేసేవారు. పారెయ్యమంటే పారేసేవారు కాదు" అన్నారు.

అందులో ఉంది నాది. ఎవరెవరివో బోర్డుల అడుగున, అంచు కాలి, ఉబ్బిన అతుకులతో. ఆయన స్టూలు మీద కూర్చుని, ఆయన భూతద్దం కింద పెట్టి చూశాను. నన్ను నేను తిట్టుకోవడానికి సిద్ధపడే చూశాను. వెదురుపుల్లతో ఒక్కొక్క కాలునీ కదిపి చూశాను. ఉబ్బిన చింతపిక్కలన్నీ గట్టిగా ఉన్నాయి. తిరగేసి పెట్టి దిద్దుకున్న ముక్క సరిగ్గా ఉంది. పక్కదారి వైరు గట్టిగా ఉంది. చివరికి ఒక మూల, బూడిదరంగు అతుకులో, ఒక ముక్క కాలు పుల్ల తగలగానే కదిలింది.

ఒక్క కాలు. ఆయన నా మొహం చూడలేక ఏదో ఒకటి అనాలని అన్న మాట అక్షరాలా నిజం. కానీ ఆయనకి అది తెలియదు, తెలిసుంటే రాత్రంతా కూర్చుని కొత్తది కట్టరు. వెలుతురులో ఒక్క చూపు చూసి, ఈ చేతి పని ఇంతేనని తేల్చేసుకుని, పుల్ల పెట్టి కదపకుండానే పక్కన పడేశారు. మా అమ్మ కూడా నా చెయ్యిని అలాగే తేల్చేసింది, కానీ నా మొహం మీదే చెప్పింది. ఆ బల్ల దగ్గర కూర్చుని నాకు వచ్చిన ఏడుపు ఆయన పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు లాంటిది కాదు.

ఐరన్ పెట్టాను. కొత్త లెడ్డు కొద్దిగా ఇచ్చి, పాతది పీల్చేసి, కాలూ రాగీ రెండూ వేడెక్కాక మళ్ళీ పెట్టాను. మెరుస్తూ చల్లారింది. గోధుమరంగు బోర్డు వైర్లు విప్పి, ఆకుపచ్చదానికి కలిపి, వైరు గుచ్చే చోటు కూడా బిగించాను. గోడకి ఎవరో ఆర్కెస్ట్రావాళ్ళు బాగుకిచ్చి మర్చిపోయిన గిటారు వేలాడుతోంది. తుప్పు పట్టిన తీగల్నే శ్రుతి చేసి, యాంప్లిఫయర్‌కి తగిలించి, కాలితో నొక్కి, మీటాను.

పలికింది. ఆయన కట్టినదాని కంటే కాస్త మోటుగా, గరుగ్గా, కొట్టంతా అదిరేలా పలికింది. బల్ల మీద స్క్రూలు గలగలమన్నాయి.

లోపల్నుంచి పిన్నిగారు పరిగెత్తుకొచ్చారు. కళ్ళనిండా నీళ్ళు. చేతులు జోడించి డబ్బా వంక చూశారు. "చూసేవామ్మా, ఆయన చెయ్యి! మనిషెళ్ళిపోయినా పని పలుకుతోంది" అన్నారు.

ఇలాంటప్పుడు మా వైపు ఎవరైనా ఏమనాలో నాకు తెలుసు. ఆ ఒక్క "ఆయ్" నాలుక చివరి దాకా వచ్చింది కూడా. భర్త పోయి ఏడాది కూడా కాని మనిషి, ఆ ఒక్క మాటకి ఎంత ఊరటపడతారో నాకు కనిపిస్తూనే ఉంది.

"కాదండీ పిన్నిగారూ" అన్నాను. "ఇది ఆయన పని కాదు. నేను చేసింది. ఆయన దీన్ని చూడకుండా పక్కన పడేశారు."

ఆవిడ జోడించిన చేతులు మెల్లగా దించారు. నా వంకా, బల్ల మీద తెరిచి ఉన్న బిస్కట్ల డబ్బా వంకా చూశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయనుండగా చెప్పుంటే ఎంత సంతోషించేవారమ్మా" అన్నారు.

"నేను చెప్పడం కాదండీ," అన్నాను, "ఆయన చెప్పాల్సింది నాకు."